పంచాయతీ కార్యాలయములో కీబోర్డు పరిశుభ్రత

ఒకప్పుడు గ్రామ పంచాయతీ కార్యాలయములో ఒక ఇనుప పెట్టె, నాలుగైదు రిజిస్టర్లు, ఒక సిరాబుడ్డి ఉన్నచో దస్త్రము సంపూర్ణముగా ఉన్నట్లే భావించెడివారు. సిరాబుడ్డిలో దుమ్ము పడకుండ మూత పెట్టుట, కలము పాళీని గుడ్డతో తుడిచి ఉంచుట వ్రాయువానికి నిత్యకృత్యము. పాళీ చెడినచో అక్షరము చెడునని, అక్షరము చెడినచో లెక్క చెడునని ఆనాటివారికి బాగుగా తెలియును.

నేడు ఆ కలము స్థానమున కంప్యూటరు కీబోర్డు వచ్చినది. జనన మరణముల నమోదు, ఇంటిపన్ను లెక్క, పనుల వివరములు, చెల్లింపులు అన్నియు ఈ మీటల మీదుగానే సాగుచున్నవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవమున, ఈ-గ్రామ్ స్వరాజ్ ప్రారంభమైనప్పటినుండి పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు కూడ కంప్యూటరులోనే నమోదగుచున్నవి. కాని మన పెద్దలు పాళీకి చేసిన సేవను ఈ మీటలకు చేయువారు అరుదు. కొందరు ఎన్నడును శుభ్రము చేయరు. మరికొందరు శుభ్రము చేయబోయి చెడగొట్టుదురు. రెండవ తప్పు మొదటిదానికంటె పెద్దది. మురికి పట్టిన కీబోర్డు మెల్లగా చెడును. తడిపి తుడిచిన కీబోర్డు ఒక్క పూటలో చెడును.

ఈ పనిని చేయువారు కార్యదర్శియో, కంప్యూటరు ఆపరేటరో కావచ్చును. ఐనను పంచాయతీ ఆస్తికి సభ్యులందరును ధర్మకర్తలే. కావున పని ఎట్లు జరుగవలెనో సభ్యులు కూడ తెలిసికొనుట అవసరము.

మన ప్రాంతపు ధూళి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 2016 అక్టోబరు 11వ తేదీకి పూర్వము ఒకే కరీంనగర్ జిల్లాలోనివి. ఆ దినమున జగిత్యాల, రాజన్న సిరిసిల్ల అను రెండు క్రొత్త జిల్లాలు ఏర్పడినవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. ఈ మూడు ప్రాంతములు ఇరుగుపొరుగువైనను, వాటి కార్యాలయములలో మీటల సందులలో చేరు ధూళి మాత్రము ఒకే విధమైనది కాదు.

సిరిసిల్ల మరమగ్గముల పట్టణము. మగ్గము ఆడుచున్నంతసేపు నూలునుండి సన్నని పీచు గాలిలో లేచును. అది కంటికి కనబడనంత తేలికగా వచ్చి, మీటల క్రింద చేరి, కొన్ని నెలలలో దూది పొరవలె అల్లుకొనును. మీట నొక్కినను క్రిందికి దిగదు. కోరుట్ల వైపున పసుపును ఉడికించి, ఎండబెట్టి, తిరుగు డ్రమ్ములలో మెరుగుపెట్టు కాలమున పచ్చని పొడి ఊరంతటను పరచుకొనును. బీడీలు చుట్టు ఇండ్లున్న వీధులలో పొగాకు పొడి కూడ తోడగును. జగిత్యాల పరిసరములలో వరికోతలై ధాన్యము రాశులు పోయు దినములలో పొట్టు, తాలు, దుమ్ము కిటికీల గుండ లోనికి వచ్చును. మామిడి కాలమున తీపి అంటిన వ్రేళ్లతోనే మీటలు నొక్కువారును లేకపోలేదు. తీపి ఉన్నచోటికి చీమలు తప్పక వచ్చును.

పీచు పొడిగా ఉండును, కుంచెతో పోవును. పసుపు పొడి మెత్తగా ఉండును. తడి తగిలినచో ముద్దయగును. తీపి జిగురుగా ఉండును. ఎండినచో మీటను పట్టి ఉంచును. ఏ ధూళికి ఏ ఉపాయమో తెలిసికొనుటయే శుభ్రతలో మొదటి పాఠము.

ఈ పాఠమును మనకు సిరిసిల్ల నేతకార్మికుడే నేర్పగలడు. ఆడుచున్న మగ్గమును శుభ్రము చేయ పూనుకొనుట ఎంత ప్రమాదమో అతనికి తెలియును. ముందు కరెంటు ఆపవలెను. పిమ్మట పొడి కుంచెతో పీచు దులుపవలెను. జిడ్డు, తడి సంగతి ఆ తరువాతనే చూడవలెను. ముందు విద్యుత్తు ఆపుట, తరువాత పొడిగా దులుపుట, చివరకు అవసరమైనంత కొద్ది తడి: ఈ వరుసను గుర్తుంచుకొన్నచో కీబోర్డు విషయములో సగము పాఠము పూర్తియైనట్లే.

మీటల క్రింద ఏమున్నది?

సాధారణముగా కార్యాలయములలో వాడు కీబోర్డు లోపల పలుచని ప్లాస్టిక్ పొరలు మూడుండును. పై పొరమీదను, క్రింది పొరమీదను విద్యుత్తును ప్రసరింపజేయు సన్నని గీతలు ముద్రింపబడి ఉండును. నడిమి పొరలో ప్రతి మీట క్రిందను ఒక రంధ్రముండును. మీటకు అడుగున చిన్న గిన్నె బోర్లించినట్లు రబ్బరు బుడిపె ఉండును. మనము మీట నొక్కగానే బుడిపె అణగి, పై గీత రంధ్రము గుండ క్రింది గీతను తాకును. వ్రేలు తీయగానే రబ్బరు మీటను పైకి లేపును. కీబోర్డులోని చిన్న ఎలక్ట్రానిక్ బిళ్ల ఏ అడ్డువరుస ఏ నిలువువరుసతో కలిసినదో కనిపెట్టి, ఆ సమాచారమును కంప్యూటరుకు పంపును. అది అక్షరమై తెరపై కనబడును.

ఇందులో ప్రవహించు విద్యుత్తు స్వల్పము. యు.ఎస్.బి. తీగద్వారా వచ్చునది 5 వోల్టులు మాత్రమే. మనిషికి దానివలన అపాయము లేదు. అపాయము ఆ గీతలకే. విద్యుత్తు ఉన్నప్పుడు తడి తగిలినచో పొరుగు గీతలు రెండును కలిసిపోయి, మనము నొక్కని అక్షరములు కూడ తెరపై పడును. కొంతకాలమునకు గీతలే తినివేయబడును. బోరు నీటిలో ఉప్పులుండును; నీరు ఆరినను ఆ ఉప్పులు పొరలమీద మిగిలిపోవును. పాత్రల అడుగున తెల్లని చార కట్టుట మనము చూచుచున్నదే. అదియే చార ఈ గీతలపై కట్టినచో ఇక ఆ మీట పలుకదు.

ఒక్క మీట చెడినచో ఏమగును?

ఒక్క మీటయే కదా యని ఉపేక్షింపరాదు. భారతీయ భాషలకై 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చు గుర్తులు ఎడమచేతి వైపునను, హల్లులు కుడిచేతి వైపునను ఉండును. అందులో ఇంగ్లీషు ‘డి’ అక్షరమున్న మీటయే తెలుగు పొల్లు. ఒత్తులన్నియు ఆ మీట ఆధారముగానే ఏర్పడును. ఆ ఒక్క మీట క్రింద పీచు చేరి పలుకకున్నచో ‘లక్ష్మి’ కాస్త ‘లకషమి’ యగును. ‘నర్సయ్య’ ‘నరసయయ’ యగును.

పేరు తప్పుట చిన్న విషయము కాదు. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము జననమును, మరణమును 21 దినములలో తెలియజేయవలెను. ఆ చట్టమునకు చేసిన సవరణ 2023 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ తేదీనుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకు, ఓటరు జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, వివాహ నమోదుకు, ప్రభుత్వోద్యోగమునకు పుట్టిన తేదీ, స్థలము తెలుపు ఆధారము జనన ధ్రువపత్రమే. నేడు ఒక మీట చేసిన తప్పును దిద్దించుటకు ఆ బిడ్డ తండ్రి కూలిపని మాని రేపు కార్యాలయముల చుట్టు తిరుగవలసి వచ్చును.

ఇక అంకెల సంగతి. జిగురు పట్టిన సున్న మీట ఒకసారి నొక్కిన రెండుసార్లు పడవచ్చును. 5,000 రూపాయలు 50,000 అగును. చూచి దిద్దుకొన్నచో సరియే. చూడక ముందుకు పంపినచో లెక్క తారుమారగును. కావున మీటలు మొరాయించుచున్న దినమున చెల్లింపుల నమోదు ఆపి, ముందు కీబోర్డు సంగతి చూచుట మేలు.

ఆరోగ్య విషయము కూడ ఒకటి కలదు. 2002లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయమునకు చెందిన సూక్ష్మజీవి శాస్త్రజ్ఞుడు చార్లెస్ గెర్బా బృందము కార్యాలయములలోని వస్తువులను పరీక్షించి, చదరపు అంగుళమునకు లెక్కించినచో మరుగుదొడ్డి పీటమీదకంటె కీబోర్డుమీదనే సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్నవని తెలిపెను. పీటను అందరును కడుగుదురు. మీటలను ఎవ్వరును తుడువరు. కారణము ఇంతే. పలువురు వాడు కీబోర్డు వద్దకు చేతులు కడిగికొని వచ్చుట ఉత్తమము.

శుభ్రపరచు క్రమము

ఇందుకు పెద్ద సరంజామా అవసరము లేదు. మెత్తని వెంట్రుకల పెయింటు కుంచె ఒకటి, పీచు రాలని మెత్తని గుడ్డలు రెండు, చెవులు శుభ్రము చేయు దూది పుల్లలు కొన్ని, మందుల దుకాణములో దొరకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు చిన్న సీసా ఒకటి చాలును. సీసామీద నూటికి 70 పాళ్లు అని ఉన్నచో పైభాగము తుడుచుటకు సరిపోవును. ఈ ద్రవము నీటికంటె త్వరగా ఆరిపోవును, జిడ్డును కరిగించును, సూక్ష్మజీవులను చంపును. ఐతే ఇది త్వరగా అంటుకొను పదార్థము. అగరువత్తి, బీడీ, పొయ్యి దగ్గరలో దీనిని విప్పరాదు. కిటికీలు తెరచి పని చేయవలెను.

1. వ్రాసిన పనిని భద్రపరచి, కంప్యూటరును క్రమపద్ధతిలో ఆపివేయవలెను. పిమ్మట కీబోర్డు తీగను ఊడదీయవలెను. తీగ లేని కీబోర్డైనచో బ్యాటరీలు తీయవలెను.

2. బల్లమీద ఒక పాత వార్తాపత్రిక పరచి, కీబోర్డును దానిపై బోర్లించి, వెనుకనుండి అరచేతితో మెల్లగా తట్టవలెను. రాలిన చెత్తను చూచినచో ఈ పని ఎందుకు అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

3. కీబోర్డును ఏటవాలుగా పట్టుకొని, పొడి కుంచెతో వరుస వెంట వరుసగా మీటల సందులను దులుపవలెను. నూలు పీచు అల్లుకొన్నచోట కుంచెను ఒకే దిక్కుకు లాగవలెను. ఇటు నటు రుద్దినచో పీచు ఇంకను లోనికి పోవును. నోటితో ఊదరాదు, ఊపిరితోపాటు తుంపరలు లోపల పడును. కంప్యూటరు దుకాణములలో వాడు బ్లోయరు దొరికినచో కొంచెము దూరమునుండి, ప్రక్కవాటుగా గాలి కొట్టవలెను. అప్పుడు కన్నులకు, ముక్కుకు దుమ్ము తగులకుండ చూచుకొనవలెను.

4. దుమ్మంతయు పోయిన తరువాతనే ఆల్కహాలు తీయవలెను. దానిని గుడ్డమీద వేయవలెనేగాని మీటలపై పోయరాదు. గుడ్డ చెమ్మగా ఉండవలెను; పిండినచో చుక్క రాలరాదు. దానితో మీటల పైభాగమును తుడువవలెను. ప్రక్కల అంటిన జిగురును దూది పుల్లతో తీయవలెను. అక్షరములు చెరగిపోవును గనుక గట్టిగా తోమరాదు.

5. పొడి గుడ్డతో మరల తుడిచి, నీడలో అరగంటసేపు ఆరనీయవలెను. పిమ్మట తీగ తగిలించి, ఖాళీ పుటపై ప్రతి అక్షరమును, ప్రతి అంకెను ఒక్కొక్కసారి నొక్కి చూడవలెను. పొల్లు, సున్న మీటలను ప్రత్యేకముగా పరీక్షింపవలెను.

కొన్ని కీబోర్డులలో మీట టోపీలను తీసి కడుగు వీలున్నది. తీయుటకు ముందు కీబోర్డు అంతటిని ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంచుకొన్నచో మరల అమర్చునప్పుడు తికమక ఉండదు. టోపీలను నిలువుగా పైకి లాగవలెను. స్పేసు మీట, ఎంటరు మీట వంటి పెద్ద మీటల క్రింద సన్నని ఇనుప కమ్మి ఉండును. అలవాటు లేనివారు వాటి జోలికి పోరాదు. తీసిన టోపీలను సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో కడిగి, ఒక దినము పూర్తిగా ఆరిన పిమ్మటనే అమర్చవలెను.

చేయరాని పనులు

ఒక సంఘటన చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట నేను ఒక గ్రామమునకు పని మీద వెళ్లితిని. మరునాడు ఆ కార్యాలయమును చూచుటకు పై అధికారులు రానున్నారు. ఉత్సాహవంతుడగు ఒక యువకుడు నేలను తుడిచిన ఫినాయిలు నీటితోనే, అదే గుడ్డతో, ఆడుచున్న కంప్యూటరు కీబోర్డును కూడ తళతళలాడునట్లు తుడిచెను. మేమందరమును, నేనును సహా, అతని శ్రద్ధను మెచ్చుకొంటిమి. ఉదయము చూడగా ఎవ్వరును ముట్టకయే తెరపై ఒకే అక్షరము వరుసగా పడుచుండెను. ఆ దినము ధ్రువపత్రమునకై వచ్చిన ఒక వృద్ధురాలు రెండు మైళ్లు నడచి తిరిగి వెళ్లినది. ఆ యువకునిలో శ్రద్ధ లోపము లేదు. తెలియజెప్పినవారు లేకపోవుటయే లోపము. పొగడినవారిలో నేను కూడ ఉంటిని గనుక ఈ వ్యాసము వ్రాయుట నా విధిగా భావించితిని.

కావున ఈ క్రింది పనులు ఎన్నడును చేయరాదు. కంప్యూటరు ఆడుచుండగా తుడువరాదు. నీరు, ఫినాయిలు, బట్టల సోడా మీటలపై చల్లరాదు. పెట్రోలు, కిరోసిను, పెయింటు థిన్నరు, గోళ్లరంగు తుడుచు ద్రవము వాడరాదు. ఇవి ప్లాస్టిక్‌ను చెడగొట్టును, కొన్ని కరిగించును. చేతులకు రాచుకొను శానిటైజరులో జిగురు పదార్థములు ఉండును గనుక అదియు తగదు. గుండుసూది, బ్లేడు మీటల సందున దూర్చరాదు. తడి ఆరుటకై ఎండలో పెట్టరాదు. మన ప్రాంతమున మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు; ఆ ఎండకు ప్లాస్టిక్ వంగిపోవచ్చును.

తేనీరు ఒలికినచో

కీబోర్డుపై తేనీరు గాని, నీరు గాని ఒలికినప్పుడు మొదటి నిమిషము ముఖ్యమైనది. తుడుచుటకు గుడ్డ వెదకుటకంటె ముందు తీగ ఊడదీయవలెను. వెంటనే కీబోర్డును బోర్లించి ద్రవమును కారనీయవలెను. మీటలు నొక్కి పరీక్షింపరాదు. నొక్కినకొలదియు తడి లోనికి దిగును. నీరైనచో నీడలో, గాలి తగులుచోట, ఒకటి రెండు దినములు బోర్లించి ఉంచవలెను. పాలు, చక్కెర ఉన్న తేనీరైనచో ఆరినను జిగురు మిగులును. దానిని విప్పి శుభ్రము చేయుట తెలిసిన మెకానిక్కుకు ఇచ్చుట మంచిది.

తడిసిన వస్తువును బియ్యములో పాతిపెట్టు అలవాటు మనలో కలదు. బియ్యపు పిండి, నూకలు మీటల సందులలో చేరుటయే తప్ప ఇందువలన విశేష లాభము లేదు. బియ్యమును వంటకే ఉంచుట మేలు.

లాప్‌టాప్ విషయము వేరు. దానిలో మీటల క్రిందనే ముఖ్య యంత్రభాగములు, బ్యాటరీ ఉండును. ద్రవము ఒలికినచో పవరు మీటను కొన్ని క్షణములు నొక్కిపట్టి ఆపవలెను. ఛార్జరు ఊడదీయవలెను. గుడారమువలె బోర్లించి ఉంచి, ఆన్ చేయకయే మెకానిక్కుకు చేర్చవలెను. లాప్‌టాప్ మీటలను ఇంటివద్ద ఊడదీయరాదు; వాటి క్రింది కీలు చాల సున్నితమైనది. మామూలు కీబోర్డు కొన్ని వందల రూపాయలకు దొరకును. లాప్‌టాప్ యంత్రభాగము చెడినచో వేల రూపాయలగును. కావున లాప్‌టాపుకు వేరుగా ఒక తీగ కీబోర్డు తగిలించి వాడుట పొదుపైన పద్ధతి.

సభ్యులు చేయదగినది

సభ్యులు స్వయముగా కుంచె పట్టనక్కరలేదు. ఐనను సమావేశమునకు వచ్చినప్పుడు ఒకసారి కీబోర్డు వైపు చూచుట, “ఎప్పుడు దులిపిరి?” అని అడుగుట కష్టము కాదు. వారమునకు ఒకసారి పొడిగా దులుపుట, నెలకు ఒకసారి చెమ్మగుడ్డతో తుడుచుట అను నియమము పెట్టుకొనవచ్చును. మరమగ్గములకు, ధాన్యపు కల్లములకు దగ్గరగా ఉన్న కార్యాలయములలో రెండు మూడు దినములకు ఒకసారి దులుపుట మంచిది. పని ముగియగానే ఒక గుడ్డ కప్పి ఉంచినచో సగము ధూళి రానేరాదు. తేనీటి గ్లాసుకు కంప్యూటరు బల్లమీద చోటు లేదని, అధ్యక్షులతో సహా అందరును అంగీకరింపవలెను. అవసరమునకు ఒక కీబోర్డు అదనముగా బీరువాలో ఉండుట మంచిది.

దస్త్రము శుద్ధిగా ఉన్నచో ఊరు శుద్ధిగా ఉన్నట్లని పెద్దలందురు. ఆ దస్త్రము నేడు మీటలద్వారా వ్రాయబడుచున్నది. ఒక కుంచె, ఒక గుడ్డ, కొంచెము ఓర్పు ఉన్నచో ఊరిలో పుట్టిన బిడ్డ పేరు తప్పు లేకుండ నిలుచును.

చర్చనీయాంశములు

1. మన పంచాయతీ కార్యాలయములో మీటల సందున చేరు ధూళి ఎక్కడినుండి వచ్చుచున్నది? దానిని రాకుండ చేయు మార్గమేమి?

2. కీబోర్డు శుభ్రపరచు పని ఎవరికి అప్పగింపబడినది? వారికి ఈ క్రమము తెలియునా?

3. గత సంవత్సరము ధ్రువపత్రములలో దొర్లిన అక్షర దోషములు ఎన్ని? వాటిలో మీటల లోపమువలన కలిగినవి కలవా?

4. కీబోర్డు చెడిన దినమున పని ఆగకుండ ఉండుటకు మన ఏర్పాటు ఏమి?